కాలమ్ పదకొండు

కోయిలకొండ దాటినంక బస్సు మూడుసార్లు ఆగింది
ఒకసారి మేకలకు, ఒకసారి టైరుకు,
మూడోసారి ఎందుకో డ్రైవరుకే తెల్వాలె.
నా సంచిలో పన్నెండు పేజీల తనిఖీ ఫారం.
పదకొండో కాలమ్: యూనిట్ నడుస్తున్నదా?
అవును. కాదు.
ఆ రెంటి నడుమ
పెన్ను మొన మోపేంత జాగ కూడా లేదు.

గొర్ల బీరమ్మ రేకుల షెడ్డు తాళం తీసింది.
ఉన్ని ఏకే మిషన్. నీలం రంగు ఇంకా పోలేదు.
మీద గోనెసంచి, సంచి మీద కోడి,
కోడి కింద ఎన్ని గుడ్లో.
అది నన్ను అధికారిగా గుర్తించలేదు.

"నడుస్తలేదా?"
"ఏం పెట్టి నడపాలె సారూ?
నా సరుకు ఇంకా గొర్రెల పెయ్యి మీదనే ఉంది.
దసరా దాటనియ్యి, కత్తెర పడనియ్యి,
అప్పుడు రా, చెవులు మూసుకుంటవు."

ఆషాఢంలో తనిఖీ వెయ్యాలని
ఏ గొర్రెనడిగి రాసిండ్రో మావాళ్లు.
మూడేండ్లుగా బ్యాంకులో బందీగా ఉన్న ఆమె సబ్సిడీ
నేను పెట్టబోయే టిక్కు కోసం చూస్తున్నది.

చాయ్ తెచ్చింది. ఇస్తూ ఇస్తూ అడిగింది:
"నడిమింట్ల ఎర్ర గొర్రెలు చూసినవా?
ఒక ఆఫీసోళ్లు ఇచ్చిండ్రు.
మాంసం మంచిగనే ఉంటది, ఒంటి మీద ఉన్నే ఉండదు.
ఇంకో ఆఫీసోళ్లు వచ్చి ఉన్ని ఏకే మిషనిచ్చిండ్రు.
మీరూ మీరూ కూసోని
ఒక్క చాయ్ తాగలేదా సారూ?"

నేను చాయ్ తాగిన.
ఆ ప్రశ్నకు మా దగ్గర కాలమ్ లేదు.

వెనక గుడిసెల గుంట మగ్గం ఆడుతనే ఉంది.
అత్త లింగవ్వ, కదురు తొడ మీద రుద్ది వదిలితే
నల్లదారం తనకు తానే పుట్టుకొస్తున్నట్టుంది.
మొన్న ఎండకాలం కత్తిరించిన ఉన్ని,
మూటలో అడుగంటిన నాలుగు పిడికిళ్లు.
చింతగింజల గంజి వాసన
నా చొక్కాకు పట్టింది, రెండు ఉతుకులకూ పోలేదు.
ఆ ముసలామె చేతిని యంత్రాల జాబితాలో చూసుకున్న.
హార్స్ పవర్ ఎంతని అడుగుతున్నది ఫారం.

వాన అప్పుడే దిగింది.
నా గొడుగు ఆఫీసు బీరువాల ఉంది, భద్రంగ.
బీరమ్మ దండెం మీది గొంగడి లాగి
ముందు ఫైలుకు చుట్టింది, తర్వాత నా నెత్తికి కొప్పెర వేసింది.
"మనిషి తడిస్తే ఆరుతడు.
కాయితం తడిస్తే మళ్లా మొదటికాంచి రాయాలె."

బస్సు స్టేజీ దాకా కిలోమీటరున్నర.
నీళ్లు గొంగడి మీద గింజల్లెక్క నిలబడి
దొర్లిపోయినయి.
పన్నెండు పేజీలూ పొడి.
తడిసినవి నా చెప్పులు, ఒక సందేహం.

మహబూబ్‌నగర్‌ల సూపరింటెండెంటు అద్దాలు పైకెత్తి చూసిండు.
పదకొండో కాలమ్ పక్కన, అంచు మీద,
చీమల వరుసంత అక్షరాలతో రాసిన:
ఋతువును బట్టి నడుచును.
"ఇట్ల చెల్లదు. ఏదో ఒకటి కొట్టు."
చేతులు నలుపుకున్న. వేలి సందుల్ల
ఇంకా నల్లటి పోగు ఒకటి.

గొంగడి నా కుర్చీ వెనక వేలాడుతున్నది.
దిగేముందు బీరమ్మ గట్టిగనే చెప్పింది:
"అది అమ్మేది గాదు సారూ, మా అత్తది.
మళ్లా వచ్చేటప్పుడు తేవాలె."

రెండో తనిఖీకి కొత్త ఫారం తీసిన.
కారణం అన్నచోట ఏం రాయాలె?
సర్కారీ భాషల దొరకలేదు,
ఉన్నమాటే రాసిన:
గొంగడి ఇచ్చి రావలసి ఉన్నది,
దసరా దాటినంక.